ఎడారి ఏనుగుల చెలమలు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు రాజుల సంగతి రాద్దామనే అనుకున్నాను. ఈలోగా టీవీలో ఒక ఏనుగు ఎండిన ఏట్లో కాలితో ఇసుక తవ్వి, ఊరిన నీటిని తొండంతో పీల్చుకోవడం చూశాను. మాది ధర్మవరం దగ్గర పల్లె. నా చిన్నతనంలో వేసవి వస్తే మా అమ్మ చిత్రావతి ఇసుకలో ఇలాగే చెలమ తీసేది. బురదనీరు తోడి పారబోసి, తేటనీరు ఊరేదాకా కూర్చునేది. ఇక రాజులను పక్కన పెట్టాను.

ఆ ఏనుగులది ఆఫ్రికా నైరుతి మూలనున్న నమీబియా. ఆ దేశపు వాయవ్య భాగాన్ని వెనుక కావోకోవెల్డ్ అనేవారు. హోవానిబ్, ఉగాబ్ వంటివి పేరుకే నదులు. ఎగువన వాన పడితే కొన్నాళ్లు పారి ఇసుకలో ఇంకిపోతాయి. తీరం వైపు ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. కరువుసీమ అనిపించుకున్న మన అనంతపురానికే సుమారు 550 పడుతుంది!

కాళ్లు పొడుగ్గా, పాదాలు వెడల్పుగా కనబడడంతో ఇవి వేరే జాతేమోనని కొందరు అనుకున్నారు. 2016లో వెలువడిన జన్యు పరిశోధన అటువంటిదేమీ లేదని తేల్చింది. మామూలు ఆఫ్రికా మైదాన ఏనుగులే. తేడా అంతా అలవాటులో ఉంది. మూడు నాలుగు రోజులు నీరు లేకుండా ఓర్చుకుంటాయి. మేతకూ నీటికీ మధ్య అరవై, డెబ్బై కిలోమీటర్లు నడుస్తాయి. ఏటి ఒడ్డున అనా అనే తుమ్మజాతి చెట్టు ఎండాకాలంలో పచ్చగా ఉండి కాయలు రాలుస్తుంది. అదే వాటి ఆధారం. చెట్లను కూలదోయడం మాత్రం బహు అరుదు.

మందకు పెద్ద ఒక ముసలి ఆడ ఏనుగు. ఏ మలుపులో తవ్వితే నీరు పడుతుందో దానికి తెలుసు. పిల్లలు వెంట నడిచి నేర్చుకోవలసిందే. పాత ఫైలు ఏ బీరువాలో ఉందో రిటైరైన హెడ్ గుమాస్తాకే తెలిసినట్టన్నమాట.

ఆ తెలివి కాస్తలో అంతరించిపోయేది. 1970లలో, ఆ దేశం దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉండగా, దంతాల కోసం విచ్చలవిడిగా కాల్చారు. కాల్చినవారిలో అధికారులూ ఉన్నారు. 1980ల తొలినాళ్ల కరువులో పశువులు చాలావరకు చచ్చి, తిండికి లేని కాపరులు కూడా తుపాకీ పట్టారు. పెద్ద దంతాలు వయసు మళ్లిన ఏనుగులకే ఉంటాయి గనుక మొదట పోయేవి అవే.

అప్పుడు గార్త్ ఓవెన్-స్మిత్ అనే ఆయన ఊరి పెద్దల దగ్గర కూర్చుని మాట్లాడాడు. వాళ్లే తమ మనుషులను కాపలాదారులుగా ఏర్పరచారు. జీతం ఏపాటిదనుకున్నారు? కొద్దిపాటి నగదు, నెలకింత మొక్కజొన్న పిండి. పే కమిషన్ల కోసం ధర్నాలు చేసినవాళ్లం, మనకు ఇది వింతే. అడుగుజాడలు చదవడం తెలిసినవాళ్లు కావడంతో వేట తగ్గింది. 1990లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1996 చట్టం వన్యప్రాణులపై హక్కును ఊరి సంఘాలకే ఇచ్చింది.

ఏనుగులు ఉగాబ్ లోయకు తిరిగి వచ్చాయి. అయితే అక్కడి రైతులకు ఏనుగుల అలవాటు తప్పిపోయింది. నీటి వాసన పట్టి ఇవి తొట్లు, పైపులు విరగ్గొట్టేవి. ఇప్పుడు ఆ తొట్ల చుట్టూ ఎత్తుగా రాతిగోడలు కడుతున్నారు. కొన్నిచోట్ల ఏనుగులకు వేరే తొట్టి పెడుతున్నారు.