నాలుగు స్పీకర్ల పెట్టె ఎందుకు పుట్టింది? గిటార్ హెడ్‌కి కేబినెట్ ఎంచుకోవడం వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో మనం ఒక పెట్టె కథ చెప్పుకుందాం. రాక్ కచేరీ ఫోటో ఏది చూసినా గిటార్ వాయించేవాళ్ళ వెనక నల్లటి పెట్టెలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి కదా, ఆ పెట్టె. దాన్ని కేబినెట్ అంటారు. దాని మీద స్విచ్చులు, నాబులు ఉన్న చిన్న పెట్టెని హెడ్ అంటారు. హెడ్ అంటే ఆంప్లిఫయర్ మాత్రమే. అందులో స్పీకర్ ఉండదు.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. "సార్, హెడ్ ఒకటి కొన్నాను. దానికి ఏ కేబినెట్ పెట్టమంటారు? నాలుగు స్పీకర్లదే తీసుకోవాలా?" ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఆ నాలుగు స్పీకర్ల పెట్టె అసలు ఏ అవసరానికి పుట్టిందో తెలిస్తే, జవాబు మీకు మీరే చెప్పుకోగలరు. అందుకే ముందు చరిత్ర, తర్వాత లెక్కలు.

1950ల్లో గిటార్ ఆంప్ అంటే దాదాపుగా ఒకే పెట్టె. ఆంప్లిఫయరూ స్పీకరూ అందులోనే ఉండేవి. దాన్ని కాంబో అంటారు. అమెరికాలో ఫెండర్ కంపెనీ బాస్‌మ్యాన్ అనే కాంబో చేసింది. పేరులోనే ఉంది, అది బాస్ గిటార్ కోసం చేసినది. అందులో 10 అంగుళాల స్పీకర్లు నాలుగు, వెనక వైపు తెరిచి ఉన్న పెట్టె. బాస్ కోసం చేసినదాన్ని మామూలు గిటార్ వాళ్ళు ఎక్కువగా ఇష్టపడటం మొదలుపెట్టారు. ఇంగ్లండులో వాక్స్ కంపెనీ ఏసీ30 అనే కాంబో చేసింది. 30 వాట్లు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఆ స్పీకర్లు చేసింది సెలెషన్ అనే బ్రిటిష్ కంపెనీ. నీలం రంగు వేసిన ఆ స్పీకర్ ఒక్కొక్కటి 15 వాట్లు తట్టుకునేది. 15, 15 కలిపితే 30. లెక్క సరిగ్గా సరిపోయింది. ఈ లెక్కని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌కి వెళ్దాం. జిమ్ మార్షల్ అనే ఆయన 1960లో అక్కడ అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు మీద సంగీత వాయిద్యాల దుకాణం పెట్టారు. ఆయన గిటారిస్టు కాదు. డ్రమ్స్ వాయించేవారు, డ్రమ్స్ నేర్పేవారు. ఆ దుకాణానికి డ్రమ్స్ కోసం వచ్చేవాళ్ళతో పాటు వాళ్ళ బృందాల్లోని గిటార్ కుర్రాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. పీట్ టౌన్‌షెండ్, రిచీ బ్లాక్‌మోర్ లాంటివాళ్ళు. వాళ్ళకి కావలసిన ధ్వని ఉన్న అమెరికన్ ఆంప్‌లు బ్రిటన్‌లో దిగుమతి ధరకి దొరికేవి. అంత డబ్బు కుర్రాళ్ళ దగ్గర ఎక్కడుంటుంది?

దుకాణంలో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, ఇంకా వయసు ఇరవై కూడా నిండని డడ్లీ క్రేవెన్, వీళ్ళతో కలిసి జిమ్ మార్షల్ ఫెండర్ బాస్‌మ్యాన్ సర్క్యూట్‌ని ఆధారం చేసుకుని ఒక ఆంప్ తయారుచేశారు. 1962లో వచ్చిన ఆ ఆంప్ పేరు జేటీఎం45. జిమ్, ఆయన కొడుకు టెర్రీ, ఇంటిపేరు మార్షల్, ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలు అవి. సర్క్యూట్ చాలావరకు ఫెండర్‌దే. మరి ధ్వని ఎందుకు వేరుగా వచ్చింది? కొన్ని విడిభాగాల తేడా ఉంది, నిజమే. కానీ పెద్ద తేడా పెట్టెలో ఉంది. ఫెండర్‌ది వెనక తెరిచిన కాంబో. మార్షల్‌ది హెడ్ వేరు, స్పీకర్ల పెట్టె వేరు. ఆ పెట్టె వెనక వైపు పూర్తిగా మూసేసి ఉంది. లోపల 12 అంగుళాల సెలెషన్ స్పీకర్లు నాలుగు.

ఎందుకు నాలుగు? ఇందులో శబ్దశాస్త్రపు రహస్యం ఏమీ లేదండీ. అప్పట్లో దొరికే స్పీకర్ 15, 20 వాట్ల కంటే ఎక్కువ మోయలేదు. ఇంత బలమైన ఆంప్‌ని గట్టిగా వాయిస్తే ఒకటో రెండో స్పీకర్లు కాలిపోతాయి. బరువు ఎక్కువైతే మోసే మనుషుల్ని పెంచినట్టే, స్పీకర్ల సంఖ్య పెంచారు. 12 అంగుళాల స్పీకర్లు నాలుగు పట్టడానికి ఎంత పెట్టె కావాలో అంత పెట్టె చేశారు. ఇప్పుడు మనం "ఫోర్ బై ట్వెల్వ్" అని భక్తిగా పిలిచే పెట్టె అలా పుట్టింది. ముందు వైపు పైభాగం వెనక్కి వాలి ఉండే కేబినెట్ చూసే ఉంటారు. ఆ వాలు కూడా పైన పెట్టే హెడ్‌తో కలిసి చూడటానికి అందంగా ఉండాలని పెట్టిందే అని జిమ్ మార్షల్ స్వయంగా చెప్పేవారు. పై రెండు స్పీకర్ల ధ్వని వాయించేవాడి చెవి వైపు రావడం దాని వల్ల కలిసొచ్చిన లాభం.

తర్వాత 1965. ద హూ బృందంలో గిటార్ వాయించే పీట్ టౌన్‌షెండ్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు. ఇంకా పెద్ద శబ్దం కావాలని మార్షల్‌ని అడిగాడు. అలా 100 వాట్ల హెడ్ వచ్చింది. దానికి తగ్గట్టు ఎనిమిది స్పీకర్లు ఉన్న ఒకే పెట్టె కావాలన్నాడు. అది మోయడానికి మనుషుల నడుములు పడిపోతాయని జిమ్ మార్షల్ ముందే హెచ్చరించారు. అయినా చేసిచ్చారు. కొద్ది రోజులకే టౌన్‌షెండ్ తిరిగొచ్చాడు. సామాను మోసేవాళ్ళు గోల పెడుతున్నారు, దీన్ని సగానికి చెయ్యాలి అన్నాడు. అప్పుడు నాలుగు స్పీకర్ల పెట్టెలు రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టారు. దాన్నే స్టాక్ అంటున్నాం. అంటే రాక్ సంగీతానికి గుర్తుగా నిలిచిన ఆ నిలువు దొంతర, మోసేవాళ్ళ నడుము నొప్పిలోంచి వచ్చింది!

మరుసటి ఏడాది, 1966లో, జిమీ హెండ్రిక్స్ అమెరికా నుంచి లండన్ వచ్చాడు. అతని డ్రమ్మర్ మిచ్ మిచెల్ జిమ్ మార్షల్ దగ్గర నేర్చుకున్నవాడే. ఆ పరిచయంతోనే హెండ్రిక్స్ ఆ దుకాణానికి వెళ్ళి స్టాక్‌లు కొన్నాడు. ఇంకో తమాషా, హెండ్రిక్స్ పూర్తి పేరు జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్. ఆ తర్వాత ఈ పెట్టె పరికరంగా మిగలలేదు, అదొక బొమ్మ అయిపోయింది. ప్రతి కుర్రాడి గోడ మీద పోస్టర్‌లో అదే.

సరే, ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకుందాం. అంత శబ్దం వాళ్ళకి నిజంగా ఎందుకు అవసరమైంది? ఎందుకంటే అప్పటి హాల్లో మైక్‌సెట్ పాట పాడేవాళ్ళ కోసమే. గిటార్ ముందు మైకు పెట్టే అలవాటు అంతగా లేదు. వేదిక మీద ఉన్న పెట్టె ఎంత వినిపిస్తే చివరి వరుసలో కూర్చున్నవాడికి అంతే. 1967లో విండ్సర్ ఉత్సవంలో వెమ్ కంపెనీ చార్లీ వాట్కిన్స్ 1000 వాట్ల మైక్‌సెట్ పెట్టి చూపించారు. అక్కడి నుంచి పరిస్థితి మారింది. మైక్‌సెట్లు పెరిగాయి, గిటార్ కేబినెట్ ముందు కూడా మైకు వచ్చింది. ఇది గమనించండి. ఎనిమిది స్పీకర్లు నిలబెట్టినా, సాధారణంగా మైకు ఉండేది ఒక్క స్పీకర్ ముందే. జనం వినేది ఆ ఒక్కదాన్నే. మిగతా ఏడూ వేదిక మీదున్నవాళ్ళ చెవులకి, జనం కళ్ళకి. పెద్ద కచేరీల్లో లోపల స్పీకర్లే లేని ఖాళీ పెట్టెల్ని అలంకారానికి పేర్చిన సందర్భాలూ ఉన్నాయి.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇదీ. నాలుగు స్పీకర్ల పెట్టె రెండు సమస్యలకి పరిష్కారం. ఒకటి, స్పీకర్లు బలహీనంగా ఉండటం. రెండు, మైక్‌సెట్ లేకపోవడం. ఈ రెండు సమస్యలూ ఇవాళ మీకు ఉన్నాయా? లేకపోతే ఆ పెట్టె మీకు తప్పనిసరి కాదు. ఇష్టం కావచ్చు, అది వేరే మాట.

ఇప్పుడు లెక్కలకి వద్దాం. హెడ్ పాడవకుండా ఉండాలంటే మొదట చూడాల్సింది ఓమ్‌లు. హెడ్ వెనక 4, 8, 16 అని రాసి ఉంటుంది. కేబినెట్ మీద ఉన్న అంకె, హెడ్ వెనక మీరు ఎంచుకున్న అంకె ఒకటే ఉండాలి. 16 ఓమ్‌ల స్పీకర్లు నాలుగు ఉన్న కేబినెట్‌లో రెండేసి వరసగా కలిపి, ఆ రెండు జతల్ని పక్కపక్కన కలుపుతారు. అప్పుడు మొత్తం మళ్ళీ 16 ఓమ్‌లే వస్తుంది. అలాంటి 16 ఓమ్‌ల కేబినెట్లు రెండు ఒకే హెడ్‌కి తగిలిస్తే హెడ్‌కి కనిపించేది 8. అందుకే స్టాక్ పెట్టేటప్పుడు స్విచ్ మార్చాలి. వాల్వుల హెడ్ అయితే స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ వాయించకండి. లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ట్రాన్సిస్టర్ల హెడ్‌కి నియమం వేరు. దాని మీద రాసిన కనీస ఓమ్‌ల కంటే తక్కువ కేబినెట్ పెట్టకూడదు. ఎక్కువ పెడితే శక్తి తగ్గుతుందంతే.

వైరు సంగతి కూడా చెప్పాలి. నాకు తెలిసిన ఒక కుర్రాడు రెండు నెలల జీతం పెట్టి వాల్వుల హెడ్ కొన్నాడు. కేబినెట్‌కి తగిలించడానికి చేతికందిన గిటార్ వైరు వాడాడు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, గుచ్చితే దూరతాయి కూడా. రిహార్సల్ మధ్యలో ఆ సన్నటి వైరు లోపల తెగింది. హెడ్ మూగబోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ చుట్టించాల్సి వచ్చింది. స్పీకర్ వైరు లావుగా ఉండేది ఊరికే కాదండీ, అందులోంచి వెళ్ళేది చాలా ఎక్కువ కరెంటు.

రెండోది వాట్లు. సెలెషన్ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ 25 వాట్లు తట్టుకుంటుంది. నాలుగు కలిస్తే 100. అలాంటి కేబినెట్ 100 వాట్ల హెడ్‌కి కాగితం మీద సరిపోతుంది. కానీ వాల్వుల హెడ్‌ని చివరిదాకా తిప్పి వాయిస్తే రాసి ఉన్న వాట్ల కంటే ఎక్కువే బయటికి వస్తుంది. అందుకే స్టాక్‌లోని రెండో పెట్టె శబ్దానికే కాదు, భద్రతకి కూడా పనికొచ్చింది. నా లెక్క ప్రకారం హెడ్ వాట్లకి కనీసం ఒకటిన్నర రెట్లు కేబినెట్‌కి ఉంటే నిశ్చింత. ఇప్పుడు స్పీకర్లు మారాయి. 1980ల్లో వచ్చిన సెలెషన్ వింటేజ్ 30 ఒక్కటే 60 వాట్లు తట్టుకుంటుంది. పేరులో 30 చూసి మోసపోకండి. అంటే 30, 40 వాట్ల హెడ్‌కి ఒక్క స్పీకర్ చాలు. 1962లో నలుగురు మోసిన బరువుని ఇవాళ ఒక్కడే మోస్తున్నాడు.

మూడోది చాలామంది చూడనిది, స్పీకర్ సున్నితత్వం. డెసిబెళ్ళలో రాస్తారు. 97 డెసిబెళ్ళ స్పీకర్ తీసేసి 100 డెసిబెళ్ళది పెడితే, అదే హెడ్ వాట్లు రెట్టింపు చేసినంత తేడా వస్తుంది. ఎందుకంటే వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్ళే. 50 వాట్ల నుంచి 100 వాట్లకి డబ్బు పోసి మారినవాళ్ళు "అంత తేడా తెలియట్లేదేంటి" అనడానికి కారణం ఇదే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు.

నాలుగోది పెట్టె వెనక వైపు. స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ కూడా గాలిని తోస్తుంది. వెనక తెరిచి ఉంటే ఆ వెనక శబ్దం చుట్టూ తిరిగి వచ్చి ముందున్న లోస్వరాల్ని కొంత చంపేస్తుంది. ధ్వని గదంతా పరుచుకుంటుంది, తేలిగ్గా ఉంటుంది. వెనక మూసేస్తే లోస్వరం గుండెకి తగిలినట్టు వస్తుంది, కానీ ధ్వని ముందుకే బాణంలా వెళ్తుంది. శుభ్రమైన గిటార్ ధ్వని కావాలంటే తెరిచినది, గట్టి రాక్ కావాలంటే మూసినది. ఇది స్థూలంగా చెప్పే మాట, చట్టం కాదు. ఇంట్లో ఉన్న మంచి హైఫై స్పీకర్‌కి తగిలిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. గిటార్ స్పీకర్ సుమారు 5000 హెర్ట్జ్ దాటాక పై స్వరాల్ని వదిలేస్తుంది. డిస్టార్షన్‌లోని గరగరని వడకట్టేది అదే. హైఫైలో వింటే తేనెటీగల గుంపులా ఉంటుంది.

ఆఖరిది బరువు. నాలుగు స్పీకర్ల మార్షల్ కేబినెట్ సుమారు 36 కిలోలు. లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ఉంటున్నవాళ్ళు ఈ అంకెని రెండుసార్లు చదువుకోండి. ఒక్క స్పీకర్ పెట్టె అందులో సగం కంటే తక్కువ ఉంటుంది.

అపార్ట్‌మెంటులో వాయిస్తూ, అప్పుడప్పుడు చిన్న హాల్లో మైకు పెట్టి వాయించేవాళ్ళకి మంచి స్పీకర్ ఒకటి ఉన్న కేబినెట్ చాలు. బృందంలో డ్రమ్స్ పక్కన మైకు లేకుండా నిలబడాలంటే రెండు స్పీకర్లది. నాలుగు స్పీకర్లది కొనదలిస్తే సంతోషంగా కొనండి, ఆ లోస్వరం ఇచ్చే ఆనందం వేరు. మోసే మనిషిని, పెట్టే చోటుని, పక్కింటివాళ్ళ ఓపికని ముందే చూసుకోండి, అంతే. మిగిలిన డబ్బు స్పీకర్ నాణ్యత మీద పెట్టండి. పోస్టర్‌లో కనిపించేది పెట్టె, చెవికి వినిపించేది స్పీకర్.

జిమ్ మార్షల్ 2012లో, 88 ఏళ్ళ వయసులో పోయారు. దుకాణానికి వచ్చిన కుర్రాళ్ళు ఏం అడుగుతున్నారో ఆయన విన్నారు, చేతిలో ఉన్న స్పీకర్లతో సర్దుబాటు చేశారు. మీ హెడ్‌కి కేబినెట్ చూసుకునేటప్పుడు మీరూ అలాగే మీ గది, మీ పాట, మీ చేతిలో ఉన్న డబ్బు ఏం అడుగుతున్నాయో వినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.