తీరిక పని ఖరీదు

మన ఇళ్ళలో పాత పెట్టె ఏది తెరిచినా అడుగున ఒక లేసు గుడ్డ కనిపిస్తుంది. ఒకప్పుడు రేడియో మీద కప్పినదో, టీపాయి మీద పరిచినదో, దిండు గలేబు అంచో, చంటిదాని గౌనుకు వేసిన మెడపట్టీయో అయివుంటుంది. ఎవరు అల్లారమ్మా అంటే, అమ్మమ్మ అనో, మేనత్త అనో, పక్కింటి పిన్నిగారనో చెబుతాం. ఎప్పుడు అల్లారంటే మాత్రం అందరి జవాబూ ఒక్కటే. "ఖాళీగా ఉన్నప్పుడు" అంటాం.

ఈ 'ఖాళీగా ఉన్నప్పుడు' అన్న మాటకు మన గోదావరి ఒడ్డున ఒక పెద్ద చరిత్రే ఉంది సుమండీ. ఆ మాట చాటున లక్షమంది ఆడవాళ్ళ కష్టం ఓడలెక్కి సముద్రాలు దాటింది. వాళ్ళకు దక్కిన కూలి మాత్రం చాలా స్వల్పం. ఆ సంగతే ఈవేళ మీతో చెప్పాలనుకుంటున్నాను.

నరసాపురం పట్టణం వసిష్ఠ గోదావరి గట్టున ఉంది. పాతకాలంలో అది ఓడరేవు. పక్కనే ఉన్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీవారు బట్టల వ్యాపారం చేసేవారు. ఇక్కడి మెత్తని నూలు బట్టను దొరలు ఈ ఊరి పేరుతోనే 'మడపోలం' అని పిలిచారు. ఆ మాట ఇంగ్లీషు నిఘంటువుల్లో ఈనాటికీ ఉంది. తరవాత సీమ నుంచి మిల్లు బట్ట చవకగా దిగబడింది. మన మగ్గాలు మూలపడ్డాయి. దానికి తోడు 1832–33లో నందన కరువు వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. అంటే అంతదాకా డెల్టాలోని పల్లెలకు వాన పడితే పంట, పడకపోతే పస్తు అన్నమాట.

ఆ కష్టకాలంలోనే క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంతానికి వచ్చారు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మాక్రే అనే మిషనరీ, ఆయన భార్య ఇక్కడి స్త్రీలకు లేసు అల్లడం నేర్పారని చెబుతారు. పైన దుమ్ముగూడెం మిషన్‌లోనూ లేసు పని నేర్పారు. మొదట నేర్చుకున్నవాళ్ళు కొత్తగా క్రైస్తవంలో చేరిన బీద స్త్రీలు, ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్ళు. కూలి దొరకని రోజున నాలుగు డబ్బులు వస్తాయని నేర్పారు. అల్లినవాటిని మిషనరీలే తమ దేశంలోని స్నేహితులకు పంపి అమ్మించేవారు.

ఒక సూదీ, ఒక దారం ఉండా చాలు. మగ్గం అక్కర్లేదు, కొట్టం అక్కర్లేదు. అందుకనే ఈ పని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి ఇట్టే పాకింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇది వ్యాపారమైంది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాల పల్లెల్లో అరుగు మీద కొక్కెం సూది పట్టని ఆడపిల్ల ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. క్రైస్తవుల ఇళ్ళ నుంచి ఇది రైతుల ఇళ్ళకూ, బెస్తవారి ఇళ్ళకూ చేరింది.

మా పిన్నిగారి అత్తవారిది ఆ వైపే. సెలవులకు వెళ్ళినప్పుడు చూసేదాన్ని. పొద్దున్న పాచిపని అయ్యేసరికి సూది చేతిలో ఉండేది. అన్నం ఉడికేలోగా పది వరసలు. మగవాళ్ళ భోజనాలయ్యాక మళ్ళీ చీకటి పడేదాకా అదే పని. చూపుడువేలి మీద దారం ఒరిసి ఒరిసి చర్మం గట్టిపడిపోయేది. నలభై దాటకుండానే సూది మొన కళ్ళకు ఆనేది కాదు. అయినా "ఏం చేస్తున్నారండీ" అని ఎవరైనా అడిగితే, "ఏముందండీ, ఊరికే కూర్చున్నాను" అనేవారు.

ఇప్పుడు ఈ వ్యాపారం నడిచే తీరు వినండి. పట్నంలో ఎగుమతి చేసే షావుకారు ఉంటాడు. ఆయన కింద ఏజెంట్లు ఉంటారు. ఏజెంటు దారం తూచి పల్లెలో ఇస్తాడు. ఒక ఇంట్లో పువ్వులు మాత్రమే అల్లుతారు, అది చేతిపని. ఇంకో ఇంట్లో ఆ పువ్వులన్నీ కలిపి గుడ్డగా చేస్తారు, అది అతుకుపని. పువ్వు అల్లినావిడకు పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో తెలియదు. అది ఏ దేశం వెళుతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో అసలే తెలియదు. కూలి గంటల లెక్కన కాదు, ఎంత దారం అల్లితే అంతకు. చేయి ఎంతసేపు ఆడిందో ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకో విచిత్రం చూడండి. వ్యాపారం చిన్నదిగా ఉన్న రోజుల్లో దారం పంచి, సరుకు పోగుచేసే పని ఆడవాళ్ళే చాలావరకు చూసుకునేవారు. 1970 తరవాత ఎగుమతులు పెరిగి డబ్బు కనబడేసరికి ఆ పనిలోకి మగవాళ్ళు వచ్చేశారు. సూది మాత్రం ఆడవాళ్ళ చేతిలోనే మిగిలింది.

ఈ సంగతులన్నీ శ్రద్ధగా రాసిపెట్టింది జర్మనీ దేశపు విదుషి మరియా మీస్. అంతకు పూర్వం ఆవిడ పూణేలో కొన్నేళ్ళు జర్మన్ భాష బోధించారు. 1970ల చివర్లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున నరసాపురం ప్రాంతానికి వచ్చి, లేసు అల్లే స్త్రీలను ఇంటింటికీ వెళ్ళి పలకరించారు. ఆవిడ పుస్తకం 1982లో వెలువడింది. ఆవిడ 2023లో కన్నుమూశారు.

ఆవిడ చూసిందేమిటి? ఆ ప్రాంతంలో లక్షకు పైగా స్త్రీలు లేసు అల్లుతున్నారు. ఇంటి చాకిరీ కాక, ఒక్క లేసు మీదే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు కూర్చుంటున్నారు. ఎనిమిది గంటలు అల్లితే చేతికొచ్చే సగటు కూలి అర్ధరూపాయికి కాస్త పైన! అదే ఊళ్ళో నాట్లకూ కోతలకూ వెళ్ళే కూలి స్త్రీకి అంతకంటే ఎక్కువే ముట్టేది. ఈ లేసు మాత్రం ఆస్ట్రేలియాకు, పశ్చిమ జర్మనీకి, ఇటలీకి, అమెరికాకు పోయి మన రాష్ట్రానికి విదేశీ డబ్బు తెచ్చేది. అప్పటి రాష్ట్ర హస్తకళల ఎగుమతుల్లో సింహభాగం లేసుదే.

మరి పొలంలో ఎక్కువ కూలి వస్తుంటే లేసే ఎందుకు పట్టుకు కూర్చున్నారు? ఇక్కడే మనసు సంగతి ఉంది. ఎండలో, బురదలో నలుగురి కళ్ళ ముందు పని చేయడం తక్కువతనమనీ, నీడపట్టున కూర్చుని అల్లుకోవడం గౌరవమనీ ఒక భావన. కాస్త భూమి ఉండి చితికిపోయిన సంసారాల్లో ఆడవాళ్ళు గడప దాటకపోవడమే మిగిలిన పరువు. "మేము కూలివాళ్ళం కాదు, ఇల్లాళ్ళం" అనుకోవడంలో వాళ్ళకొక తృప్తి ఉండేది. ఆ తృప్తిని మనం తేలిగ్గా తీసెయ్యకూడదు. అందమైన వస్తువు చేతిలోంచి పుడుతుంటే కలిగే సంతోషం కూడా నిజమైనదే. కాని ఏజెంటు బేరం దాని మీదే సాగింది. ఇల్లాలు తీరిక వేళ అల్లుకునేదానికి కూలి రేట్లేమిటి, సంఘమేమిటి అన్నాడు. మనమూ ఔనన్నాం. ఇల్లాలన్న గౌరవం పేరుతో ఆమె కూలిలోంచే కోత పడుతోందని ఎవరూ గమనించలేదు.

ఈ చూపు ఒక్క నరసాపురానిదే కాదు, సర్కారు లెక్కల్లోనూ ఉండేది. 1961 జనాభా లెక్కల్లో దేశంలో పని చేసే స్త్రీలు దాదాపు 5 కోట్ల 94 లక్షలని తేలింది. 1971లో ఆ సంఖ్య సుమారు 3 కోట్ల 13 లక్షలకు పడిపోయింది. పదేళ్ళలో అంతమంది పని మానేసి కూర్చున్నారా? లేదండీ. ముఖ్య కారణం అడిగే ప్రశ్న మారడమే. 1971లో 'మీ ప్రధానమైన పని ఏమిటి' అని అడిగారు. ఏ స్త్రీ అయినా ఏం చెబుతుంది? "ఇంటిపని" అంటుంది. పొలమూ, పాడీ, అల్లికా అన్నీ ఆ ఒక్క మాటలో మునిగిపోయాయి. చివరికి 1991 లెక్కల్లో, సొంత పొలంలోనో ఇంటి వృత్తిలోనో జీతం లేకుండా చేసేదీ పనేనని ప్రశ్నలోనే చేర్చారు.

ఇప్పుడు మిమ్మల్ని తెలంగాణ వైపు తీసుకువెళతాను. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో లక్షలాది స్త్రీలకు బీడీలు చుట్టడం బతుకుతెరువు. చూడబోతే ఆ పనీ ఈ పనీ అక్కచెల్లెళ్ళ లాంటివే. అక్కడ దారం ఇస్తారు, ఇక్కడ తునికాకూ తంబాకూ ఇస్తారు. అక్కడా ఇక్కడా ఇంట్లోనే కూర్చోవడం, అల్లినదాన్ని బట్టో చుట్టినదాన్ని బట్టో డబ్బులు. నడుమ ఏజెంట్లు కూడా ఇద్దరికీ ఉన్నారు.

బీడీ పని మీద ఎవరికీ మమకారం లేదు. తంబాకు ఘాటుకు దగ్గు, వంగి కూర్చుని నడుంనొప్పి. "నా బిడ్డకు ఈ పని వద్దు" అనే తల్లులే అందరూ. అయినా ఆమెను ఎవరైనా అడిగితే, "బీడీలు జేస్త" అని సూటిగా చెబుతుంది. తీరిక వేళ అనదు. అక్కడ సంఘాలు పుట్టాయి, సమ్మెలు జరిగాయి. 1966లో పార్లమెంటు చేసిన బీడీ కార్మికుల చట్టం, ఇంటికి ఆకు తీసుకుపోయి చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగానే లెక్కించింది. 1976లో వాళ్ళ సంక్షేమనిధికి చట్టం వచ్చింది. ఇంట్లో చుట్టేవాళ్ళకూ ప్రావిడెంట్ ఫండు వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో వాళ్ళకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి మొదలైంది. వాళ్ళ కష్టాలు తీరిపోయాయని అనను. చట్టంలో ఉన్నదంతా చేతికి అందిందనీ అనను. అయినా అడగడానికి వాళ్ళకొక పేరు దొరికింది.

ఆ పేరు తెచ్చుకోవడం ఎంత కష్టమో అహమదాబాదులో 1972లో 'సేవా' సంఘం పెట్టిన ఇలా భట్‌గారికి బాగా తెలిసివచ్చింది. ఇళ్ళలో కుట్టేవాళ్ళూ, నెత్తిన బరువులు మోసేవాళ్ళూ కలిసి కార్మిక సంఘంగా నమోదు చేయమని వెళితే, మీకు యజమానే లేడు, ఇక సంఘం ఎవరిమీద అన్నారట అధికారులు. పట్టువిడవకుండా నమోదు చేయించుకున్నారు. ఇంట్లో చేసే పనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడికనే ఆమోదించింది.

నరసాపురం లేసు కథ ఇంకా నడుస్తూనే ఉంది. చైనా నుంచి యంత్రం మీద చేసిన లేసు చవకగా వచ్చి బేరాలు దెబ్బతిన్నాయి. చాలామంది సూది పక్కన పెట్టేశారు. 2024లో నరసాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు పెట్టి వేరేచోటి సరుకు అమ్మకూడదన్నమాట. సంతోషించవలసిన విషయమే. ఊరి పేరుకు రక్షణ దొరికింది. ఇక అల్లిన చేతికి ఎంత వస్తుందన్నది అడగవలసే ఉంది.

2019లో ప్రభుత్వం వారు ఇరవైనాలుగు గంటలూ జనం ఏం చేస్తారని ఒక సర్వే చేశారు. ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారట. ఇంటిపనిలో చేయి వేసే మగవాళ్ళయితే 97 నిమిషాలు. ఐదు గంటల చాకిరీ అయ్యాక మిగిలినదాన్నే కదండీ మనం 'ఖాళీ' అంటున్నాం!

పదో తరగతితో చదువు ఆపి సంసారంలో పడినదాన్ని, నేను మీకు పెద్ద సలహాలివ్వలేను. ఒక్క చిన్న పని చెబుతాను. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని ఎవరైనా డబ్బుకు అల్లుతుంటే, జాకెట్లు కుడుతుంటే, అప్పడాలు ఒత్తుతుంటే, ఒక్క వారంరోజులు ఆ గంటలు రాయించండి. పాలలెక్క రాసే క్యాలెండరు మీదే రాయొచ్చు. వారం చివర వచ్చిన డబ్బును ఆ గంటలతో భాగించి చూడమనండి. ఆ పని మీద ఇష్టం ఎక్కడికీ పోదు. తరవాత బేరానికి వచ్చినవాడితో ఏం మాట్లాడాలో ఆవిడకే తెలుస్తుంది. జనాభా లెక్కలవాళ్ళు గుమ్మంలోకి వచ్చి "ఏం చేస్తారమ్మా" అని అడిగినప్పుడు కూడా, లోపలి నుంచి ఇంకెవరో జవాబు చెప్పకముందే, ఆవిడనే చెప్పనివ్వండి.