టిండేల్‌కు భోజనము పెట్టిన వర్తకుడు

ఇంగ్లీషు బైబిలు చరిత్ర చెప్పుకొనునప్పుడు విలియం టిండేల్ పేరు మనమందరము వినియుందుము. అయితే ఆ అనువాదకునికి ఇల్లు, భోజనము ఇచ్చిన హంఫ్రీ మాన్‌మత్ పేరు ఎరిగినవారు తక్కువ. ఆయన బోధకుడు కాడు, పండితుడు కాడు. లండను నగరములో బట్టల వర్తకుడు. సఫోక్ మొదలగు చోట్ల నేతపనివారిచేత బట్టలు తయారు చేయించి విదేశీ వర్తకులకు అమ్ముచుండెను. టవర్ అను రాజకోట సమీపమున ఉన్న ఆల్ హాలోస్ దేవాలయము ఆయన సంఘము.

1523లో టిండేల్ లండను వచ్చి, క్రొత్త నిబంధనను ప్రజల భాషలోనికి తెచ్చుటకు బిషప్ టన్‌స్టాల్ ఆశ్రయము కోరెను. తన ఇంట చోటు లేదని బిషప్ చెప్పెను. ఆ దినములలో సెయింట్ డన్‌స్టన్ దేవాలయములో టిండేల్ చేసిన ప్రసంగములను మాన్‌మత్ వినియుండెను. దిక్కులేని ఆ గురువును తన ఇంటికి తీసికొనిపోయి సుమారు ఆరు నెలలు ఉంచుకొనెను. టిండేల్ ఉడికించిన మాంసము, పలుచని బీరు తప్ప మరేమియు కోరక, రేయింబవళ్లు చదువుకొనుచుండెనని మాన్‌మత్ తరువాత చెప్పెను. తన తలిదండ్రుల ఆత్మల కొరకు ప్రార్థించుమని 10 పౌనులు కూడ ఇచ్చెను. 1524లో టిండేల్ జర్మనీకి వెళ్లెను. 1526లో వర్మ్స్ పట్టణమున అచ్చయిన ఆయన క్రొత్త నిబంధన ఇంగ్లండు చేరగా, అధికారులు ఆ ప్రతులను తగులబెట్టించిరి.

1528 మేలో మాన్‌మత్ ఇల్లు సోదా చేసి, ఆయనను టవర్‌లో ఖైదు చేసిరి. అక్కడనుండి కార్డినల్ వూల్జీకి పంపుకొన్న మనవిలో ఆయన తాను చేసిన సహాయమును దాచలేదు. కాని టిండేల్‌కు విరోధముగా బిషప్ ప్రసంగించుట విన్న తరువాత ఆయన ఉత్తరములను, పుస్తకములను కాల్చివేసితినని ఒప్పుకొనెను. తన వ్యాపారము నిలిచిపోయినదనియు, తనపై ఆధారపడిన పేద పనివారికి జీవనము పోవుననియు వేడుకొనెను. మనము ఆయనను హతసాక్షిగా చిత్రింపనక్కరలేదు. ఆయన భయపడెను. అయినను భయపడిన ఆ మనిషి పెట్టిన అన్నము వ్యర్థము కాలేదు.

విడుదలయైన పిమ్మట ఆయన నగర సభలో పెద్దయై, 1535లో లండను షరీఫుగా ఎన్నికయ్యెను. ఆ సంవత్సరమే టిండేల్ ఆంట్‌వర్ప్‌లో పట్టుబడెను. లండను షరీఫు అధికారము సముద్రము ఆవల చెల్లదు. 1536 అక్టోబరులో బ్రస్సెల్స్ దగ్గరి విల్వోర్డ్‌లో టిండేల్‌ను చంపి, దేహమును కాల్చిరి.

బిషప్ లాటిమర్ ఒక ప్రసంగములో ఒక ధనిక వర్తకుని సంగతి చెప్పెను. ఆ వర్తకుడు మాన్‌మత్తేనని చరిత్రకారుడు జాన్ ఫాక్స్ వ్రాసెను. ఆయన బల్లయొద్ద తిని, ఆయన వద్ద అప్పు తీసికొనుచుండిన ఒక పేద పొరుగువాడు, ఈయన లేఖనముల పక్షము చేరెనని కోపించి, పలుకుట మానివేసి, పైవారికి ఫిర్యాదు చేసెను. ఒకనాడు ఇరుకు సందులో ఇద్దరును ఎదురుపడిరి. తప్పించుకొనుటకు దారి లేదు. వర్తకుడు వాని చేయి పట్టుకొని, నావలన ఏ తప్పు జరిగినదని మెల్లగా అడిగెను. ఆ పేదవాడు మోకరించి, ఏడ్చి క్షమాపణ వేడుకొనెను. తిరిగి ఇద్దరును స్నేహితులైరి.

మాన్‌మత్ 1537లో చనిపోయెను. తన మరణానంతరము ఆత్మశాంతికై పూజలకు బదులు 30 ప్రసంగములు చేయించవలెనని ఆయన వీలునామా వ్రాసెను. లాటిమర్, బార్న్స్ మొదలైన నలుగురు బోధకులను అందుకు కోరెను. ఒకప్పుడు తలిదండ్రుల ఆత్మల ప్రార్థనకు 10 పౌనులు ఇచ్చినవాడే, తుదకు బ్రతికియున్నవారు వాక్యము వినుటకు తన ధనము ఇచ్చెను. ఆ పదునాలుగేండ్లలో ఆయన మనస్సు ఎంత దూరము నడిచెనో ఈ రెండు దానములే చెప్పుచున్నవి. టిండేల్ అనువాదమే అధికభాగముగా గల బైబిలుకు రాజు అనుమతి లభించినదియు ఆ 1537లోనే.

1818లో శ్రీరాంపూరులో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినప్పుడు కేరీ పేరు నిలిచినది. ఆ పనికి వెనుక అన్నము వండినవారి, కాగితము మోసినవారి పేర్లు మనకు రాలేదు. వాక్యము మన చేతికి వచ్చుటకు కలము పట్టినవాడు ఎంత అవసరమో, తలుపు తెరచినవాడును అంతే అవసరము. మన గుమ్మము ముందు నిలిచినవానిని లోపలికి పిలుచుటకు పాండిత్యము అక్కరలేదు గదా!