దేహ నేరాలు: దెబ్బ, గాయం, నిర్బంధం

ఎదుటి మనిషి ఒంటికి బాధ కలిగించడం, దారికి అడ్డుపడటం, ఒకచోట బంధించడం, కొట్టబోయినట్టు మీదికి రావడం: ప్రాణం పోనంతవరకు ఇవన్నీ ప్రాణాంతకం కాని దేహ నేరాలు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వీటికి ప్రధానంగా 114 నుంచి 136 వరకు సెక్షన్లున్నాయి. పాత భారత శిక్షాస్మృతిలో అవే 319 నుంచి 358. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి కోర్టుల్లో ఇప్పటికీ రెండు వరసల అంకెలూ వినిపిస్తాయి.

ఈ సెక్షన్లు నేల మీద ఎలా నడుస్తాయో కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో చూద్దాం. ఆ జిల్లాకు శిక్షాస్మృతి ఆలస్యంగా వచ్చింది. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ అంతర్వేదిని నిజాం 1853లో బ్రిటిష్ వారికి అప్పగించాడు. 1860లో అది మళ్లీ నిజాం చేతికి వచ్చింది. శిక్షాస్మృతి ఆమోదం పొందిందీ ఆ ఏడాదే. దాంతో బ్రిటిష్ ఇండియా అంతటా 1862 నుంచి నడిచిన చట్టం ఇక్కడికి 1951 ఏప్రిల్ 1న గాని చేరలేదు. అంతవరకు హైదరాబాద్ రాజ్యపు సొంత శిక్షాస్మృతి నడిచింది. 1956లో జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇప్పుడు ఇక్కడి కేసులు హైకోర్టు దాకా వెళితే కలబురగి ధర్మాసనం వింటుంది.

నేరానికి దెబ్బ తగలాల్సిన పనేమీ లేదు. దెబ్బ పడుతుందని ఎదుటివాడు భయపడతాడని తెలిసీ చెయ్యి ఎత్తితే అది దౌర్జన్యం. ఒట్టి మాటలు దౌర్జన్యం కావు గాని, చేసిన సైగకు అర్థం తేల్చేది ఆ మాటలే. నేరపూరిత బలప్రయోగానికి చట్టమే ఒక ఉదాహరణ ఇస్తుంది: ఒడ్డున కట్టిన పడవలో మనిషి కూర్చుని ఉండగా తాడు విప్పి ప్రవాహంలోకి వదలడం. కురువపురానికి కృష్ణ మీద పుట్టిలో వెళ్లే జిల్లాలో ఈ ఉదాహరణను విడమరచి చెప్పనక్కర్లేదు.

అక్రమ నిరోధం, అంటే వెళ్లే హక్కున్న వైపు వెళ్లనీయకపోవడం, పల్లెల్లో తరచూ పొలం దారి తగాదాల్లో పుడుతుంది. ఆ దారి మూసే హక్కు తనకుందని నిజాయితీగా నమ్మి ప్రైవేటు దారిని మూసినవాడికి 126వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. తగాదా సివిల్ కోర్టుకు పోవాలా, ఠాణాకు పోవాలా అన్నది చాలాసార్లు ఈ నమ్మకం చుట్టూనే తిరుగుతుంది.

అసలు తూకమంతా గాయం దగ్గర. నొప్పి, జబ్బు, నీరసం, వీటిలో ఏది కలిగించినా గాయమే. కావాలని చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయానికి ఏడేళ్ల వరకు శిక్ష. ఏది తీవ్రమో న్యాయమూర్తి మనసుకు వదలకుండా చట్టం ఎనిమిది రకాలు లెక్కపెట్టి చెప్పింది. కన్ను పోవడం, చెవి వినిపించకపోవడం, అవయవం పోవడం, ముఖం శాశ్వతంగా వికృతం కావడం వాటిలో కొన్ని. ఎముక గాని పన్ను గాని విరగడం కూడా అందులోదే. ఒకే చెంపదెబ్బకు చెంప వాస్తే ఒక సెక్షన్, పన్ను ఊడితే మరొకటి. కొట్టినవాడికి అంత దెబ్బ తగలాలన్న ఉద్దేశం గాని, తగలవచ్చన్న ఎరుక గాని ఉండాలన్నది నిజమే. కానీ కేసు దిశను ముందు మార్చేది పన్నే. ఎనిమిదో రకంలో మాత్రం కొత్త చట్టం ఒక అంకె మార్చింది. బాధితుడు రోజువారీ పనులు చేసుకోలేని కాలం పాత చట్టంలో 20 రోజులు, ఇప్పుడు 15. అన్ని రోజులు ఆసుపత్రి మంచం మీద ఉన్నంత మాత్రాన సరిపోదు, పనులు చేసుకోలేకపోయినట్టు రుజువు కావాలి.

అందుకే ఆసుపత్రి కాగితానికి అంత విలువ. రాయచూరులోని రిమ్స్‌లోనో తాలూకా ఆసుపత్రిలోనో డాక్టరు రాసే ఊండ్ సర్టిఫికెట్, దానికి తోడు ఎక్స్‌రే, సెక్షన్‌ను నిలబెడతాయి, లేదా పడగొడతాయి. అయినా డాక్టరు మాట సాక్ష్యమే, తీర్పు కాదు.

ఆయుధం వాడితే 118వ సెక్షన్. మామూలు గాయానికి మూడేళ్ల వరకు, తీవ్ర గాయానికి యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో, ఆంధ్ర రైతులు స్థిరపడిన క్యాంపులతో సహా, పార, కొడవలి, గొడ్డలి లేని ఇల్లు ఉండదు. పనిముట్టు ఎప్పుడు ఆయుధమవుతుందన్నది వాడిన తీరును బట్టే. రాయి సంగతీ అంతేనని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. యాసిడ్ దాడి వేరే కోవ: 124వ సెక్షన్ కింద పదేళ్లకు తగ్గని శిక్ష.

కర్ణాటక ఠాణాల్లో ఊరి కొట్లాటకు ఒక మూస కుదిరిపోయింది. పాత శిక్షాస్మృతి అంకెల్లో 323, 324, 341, 504, 506, చివర 34: కొట్టడం, ఆయుధం, అడ్డుకోవడం, తిట్టడం, బెదిరించడం, అందరి ఉమ్మడి ఉద్దేశం. కొత్త చట్టంతో అంకెలు మారినా మూస మారలేదు. ఉత్త చేతి దెబ్బ ఒక్కటే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. ఆ గుత్తిలో ఒక బలమైన సెక్షన్ చేరడానికి ఇదీ ఒక కారణం.

బాధితులు షెడ్యూల్డు కులాలవారో తెగలవారో అయి, నిందితులు ఇతరులైతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం తోడవుతుంది. అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, ముందస్తు బెయిలుకు అడ్డంకి ఉంటుంది. దెయ్యం వదిలిస్తామంటూ కట్టేసి కొట్టడంపై కర్ణాటకకు 2017 నాటి ప్రత్యేక చట్టం కూడా ఉంది.

సమ్మతి ఉన్నచోట నేరం ఉండదు, హద్దుల్లో. రాయచూరులో కారు పున్నమికి మున్నూరు కాపు సమాజం జరిపే ముంగారు హబ్బలో కుస్తీ పట్టిన వస్తాదు ఆట నియమం ప్రకారం ఎదుటివాణ్ణి పడేస్తే అది గాయం కేసు కాదు. పద్దెనిమిదేళ్లు నిండినవారి సమ్మతి మాత్రమే చెల్లుతుంది. చంపాలనో తీవ్ర గాయం చేయాలనో అనుకుని చేసిన పనికి ఎవరి సమ్మతీ రక్షణ కాదు. ఆత్మరక్షణ హక్కూ ఇలాగే ఆపదకు తగినంత మేరకే.

రాజీకి చట్టమే దారి ఉంచింది. మామూలు గాయం కేసును బాధితుడు తానే రాజీ చేసుకోవచ్చు. తీవ్ర గాయానికి కోర్టు అనుమతి కావాలి. ఆయుధంతో చేసిన తీవ్ర గాయానికి ఆ వీలు లేదు. అలాంటప్పుడు ఇరుపక్షాలూ కలిసిపోయామని రాసుకుని కేసు కొట్టివేయమంటూ కలబురగి ధర్మాసనం తలుపు తడతాయి. అది సొంత తగాదాయా, సమాజం మీద జరిగిన నేరమా అన్నది హైకోర్టు తేలుస్తుంది.