హిమాయత్‌నగర్‌లో గృహ విద్యుత్తు: ఛార్జీలు, పొదుపు, సౌరశక్తి

హైదరాబాద్‌లోని హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, అబిడ్స్, నాంపల్లి పేటలకు కరెంటు ఇచ్చేది తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. దాని కేంద్ర కార్యాలయమైన మింట్ కాంపౌండ్ కూడా ఇక్కడికి దగ్గరే. నగరానికి కరెంటు ఏ సంవత్సరంలో వచ్చిందనే దానిపై ఏకాభిప్రాయం లేదు. విద్యుత్ శాఖ పుట్టుకను ఎక్కువమంది 1910 ప్రాంతానికి చెబుతారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం 1920లో వెలిసింది.

ఇంటి కరెంటు ధర వీధి పోరాటంగా మారింది కూడా ఈ చుట్టుపక్కలే. 1998 నాటి సంస్కరణల చట్టం కింద 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టి, ఛార్జీలు నిర్ణయించే అధికారాన్ని నియంత్రణ మండలికి అప్పగించారు. చాలా ఏళ్లు ఈ మండలి రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్ నుంచే పనిచేసింది. 2000 మేలో అది ఇచ్చిన తొలి ఉత్తర్వుతో ఇళ్ల బిల్లులు పెరిగాయి. దానికి నిరసనగా ఆగస్టు 28న అసెంబ్లీ వైపు కదిలిన ప్రదర్శకులపై బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు ఇద్దరని కొన్ని కథనాలు చెబుతాయి. అయితే అక్కడి స్మారక స్తూపం దగ్గర ఏటా తలచుకునేది రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి అనే ముగ్గురిని. ఇక్కడ ఆ లెక్కనే తీసుకున్నాం. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు గృహ ఛార్జీల జోలికి వెళ్లడానికి వెనకాడటానికి ఈ ఘటన ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు.

2024 ఫిబ్రవరి 27న మొదలైన గృహజ్యోతి పథకంలో తెల్లకార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. అది దాటితే మొత్తం వాడకానికీ కట్టాలి. కార్డు లేనివారికీ 200 దగ్గరే గండం ఉంది. 2022 ఏప్రిల్ నాటి ధరల ప్రకారం 200 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ 820 రూపాయలు (తొలి వంద యూనిట్లకు యూనిట్‌కు 3.40, మలి వందకు 4.80 చొప్పున). 201వ యూనిట్ పడగానే తొలి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, మిగిలిన దానికి 7.70 చొప్పున లెక్కగట్టి 1,027.70 రూపాయలవుతుంది. ఇతర రుసుములు వేరే. అంటే ఆ ఒక్క యూనిట్ విలువ కార్డు లేని ఇంటికి 207.70 రూపాయలు, తెల్లకార్డు ఇంటికి వెయ్యికి పైగా. పొదుపు ప్రచారాలకన్నా ఈ గీతే ఎక్కువమందిని మీటరు వైపు చూసేలా చేస్తోందనిపిస్తుంది.

గీత దాటకుండా కాపాడేవి చిన్న వస్తువులే. 75 వాట్ల మామూలు ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు ఖర్చవుతాయి. 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లేని మోటారు) ఫ్యానుకు సుమారు 14 చాలు. మూడు ఫ్యాన్లు మారిస్తే 60 యూనిట్లు మిగులుతాయి. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి. కానీ కొత్త ఫ్యానుకు ముందుగా పెట్టాల్సిన డబ్బే అద్దె ఇళ్లకు అడ్డంకి. 2015లో మొదలైన ఉజాలా పథకం ఎల్‌ఈడీ బల్బులను తక్కువ ధరకు ఇచ్చినట్టు, ఫ్యాన్లనూ ఆ స్థాయిలో ఇంటింటికీ చేర్చడం న్యాయం.

ఇంటిని చల్లగా ఉంచడం పొదుపుకు మరో దారి. 2023 ఏప్రిల్‌లో తెచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని కొత్త ఇళ్లకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. కానీ వేడికి ఎక్కువగా నలిగేది చిన్న ఇళ్లే. 2017లో నగరంలోని దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పులపై తెల్లటి పొర పరిచి చూస్తే, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది.

సౌరశక్తి ప్రచారానికి ఉమ్మడి రాష్ట్రంలో కేంద్రం నాంపల్లి పిస్గా కాంప్లెక్స్‌లోని సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్. ఇప్పుడు ప్రధానమైనది 2024 నాటి పీఎం సూర్యఘర్ పథకం: 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ. మూడు కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. పాత బంగళాల స్థానంలో లేచిన హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంట్లలో డాబా అందరిదీ. అక్కడ నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది పోగా మిగిలేది తక్కువ. ఇలాంటి సముదాయాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రాయితీ ఉంది. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాల కరెంటు ఖర్చు తగ్గితే నెలవారీ మెయింటెనెన్సు తగ్గుతుంది, ఫ్లాటు మీటరు బిల్లు మాత్రం అలాగే ఉంటుంది.