రేడియో, టేపు, సీడీ: మన సంఘముల వినికిడి చరిత్ర

దోర్నకల్ అధ్యక్ష మండలము 1912లో ఏర్పడినది. ఆ సంవత్సరము డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు బిషప్పుగా అభిషేకము పొందినారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. నూరేండ్ల చరిత్రను వ్రాయువారు గుడులను, బడులను, ఆసుపత్రులను, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రలును గూర్చి వ్రాయుదురు. వ్రాయవలసినదే. మేము మాత్రము చేతితో పట్టుకొని ఊరి నుండి ఊరికి మోసుకొనిపోయిన ఒక చిన్న పెట్టెను గూర్చి వ్రాయదలచినాము. వరంగల్ జిల్లా పల్లె సంఘములలో వాక్యమును, పాటను చదువురాని వారి చెవికి చేర్చుటలో ఆ పెట్టె చేసిన పని తక్కువది కాదు. అది తెచ్చిన నష్టము కూడా కొంత ఉన్నది.

మన పెద్దలలో చాలమందికి చదువు లేదు. 1951 జనాభా లెక్కల నాటికి దేశము మొత్తము మీద నూటికి 18 మందికే అక్షరములు వచ్చును. నిజాము పాలనలో ఉండిన మన ప్రాంతములో అంతకన్న తక్కువే. అందుచేత ఉపదేశి నోటితో చెప్పుట, సంఘము నోటితో పలుకుట అనునదే పద్ధతి. విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు అన్నియు అట్లు కంఠస్థమైనవే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ప్రతి కీర్తన పైన రాగము, తాళము వ్రాసి ఉండును గాని, దానిని చూచి పాడగలిగిన వారు ఊరికి ఒకరు కూడా ఉండేవారు కాదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) వ్రాసిన కీర్తనయైనను ఇక్కడికి వచ్చుసరికి నాగలి పట్టినవాని గొంతులో, నాట్లు వేయు స్త్రీల గొంతులో తన స్వంత బాణీని తెచ్చుకొనేది. ఒక ఊరి పాట పక్క ఊరివారికి కొత్తగా వినిపించేది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

రేడియో మన ప్రాంతమునకు కొత్తది కాదు. నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో 1930లలోనే హైదరాబాదు నుండి పలికినది; 1950లో అది ఆకాశవాణిలో కలిసినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. అయితే ఆనాటి రేడియో వాల్వులతో నడిచే పెద్ద పెట్టె. దానికి కరెంటు కావలెను. కరెంటు లేని పల్లెలో అది దొరగారి గడీకి, పట్నపు మేడకు చెందిన వస్తువు. సెల్లులతో నడిచే ట్రాన్సిస్టరు వచ్చిన తరువాతనే, అనగా 1960లు దాటుచుండగా, అది మన గుడిసెల చూరుకు వ్రేలాడినది. పోస్టాఫీసులో రుసుము కట్టి లైసెన్సు పుస్తకములో స్టాంపు వేయించుకొనవలెను. 1980ల నడుమ ఆ లైసెన్సు పోయినది.

ఆకాశవాణిలో క్రిస్మసు నాడు ప్రత్యేక కార్యక్రమము వచ్చేది. ఏడాదిలో మిగిలిన దినములకు వేరే దారి వెదకుకొనవలసి వచ్చినది. ఆ దారి సముద్రము దాటి వచ్చినది. హిందూ మహాసముద్రములోని సీషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియో 1970లో షార్ట్‌వేవ్ ప్రసారములు మొదలుపెట్టినది. మహే దీవి ఒడ్డున సముద్రపు పగడపు దిబ్బల మీదనే దాని స్తంభములను నిలిపినారు. ఉప్పునీరు తరంగములను చక్కగా ప్రతిఫలింపజేయును గనుక అది తెలివైన ఏర్పాటు. అక్కడి నుండి వరంగల్లుకు మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరము. అంత దూరము నుండి తెలుగు మాట వచ్చుట అప్పటి వారికి అద్భుతముగా తోచినదంటే ఆశ్చర్యమేమున్నది?

అయితే ఆ మాటను పట్టుకొనుట ఒక విద్య. ముందు బ్యాండు మీటను మీడియం వేవ్ నుండి షార్ట్‌వేవ్‌కు త్రిప్పవలెను. పెట్టె వెనుక మడతలు మడతలుగా ఉన్న ఏరియలు కడ్డీని పూర్తిగా లాగవలెను. అది చాలనప్పుడు రాగి తీగను ఆ కడ్డీకి చుట్టి, రెండవ కొనను వేపచెట్టు కొమ్మకు కట్టవలెను. పిమ్మట ముల్లును వెంట్రుకవాసి చొప్పున జరుపవలెను. కొంచెము ఎక్కువైన చీనా భాషయో, ఈల శబ్దమో వినబడును. షార్ట్‌వేవ్ తరంగము ఆకాశములోని ఐనోస్ఫియరు పొరకు తగిలి భూమికి మరలి వచ్చును. ఆ పొర నిలకడగా ఉండదు గనుక ప్రసంగీకుని గొంతు అలలవలె పైకి లేచి క్రిందికి పోయేది. సరిగ్గా ముఖ్యమైన మాట దగ్గర గొంతు మునిగిపోయినప్పుడు, ఆ మాట ఏమై ఉండునో ఇంటిల్లిపాది తర్కించుకొనేవారు. వాక్యమును గూర్చి అంత చర్చ తరువాత స్పష్టమైన రేడియో వచ్చిన దినములలో జరుగలేదు.

శ్రీలంకలోని పుత్తళము నుండి ట్రాన్స్ వరల్డ్ రేడియో 1978లో 400 కిలోవాట్ల శక్తితో మీడియం వేవ్ ప్రసారములు ప్రారంభించినది. 882 కిలోహెర్ట్జ్. విజయవాడ కేంద్రము 837 మీద ఉన్నది గనుక ముల్లును దానికి కొంచెము కుడి ప్రక్కకు జరుపుట చాలును. చెట్టెక్కి తీగ కట్టవలసిన పని లేదు. పగలు మాత్రము వినబడదు. సూర్యకాంతి ఉన్నంతసేపు ఆకాశములోని క్రింది పొర ఆ తరంగములను మ్రింగివేయును; చీకటిపడిన తరువాత ఆ పొర పలుచబడి దూరపు కేంద్రములు తేలివచ్చును. పొలము నుండి వచ్చి, కాళ్లు కడుగుకొని కూర్చుండు వేళకే అది అందుబాటులోనికి వచ్చుట మన జనులకు కలిసివచ్చినది. కథోలిక సహోదరులకు మనీలా నుండి రేడియో వెరితాస్ ఏషియా ఉండెను. దాని తెలుగు కార్యక్రమములు సికింద్రాబాదు అమృతవాణిలో తయారయ్యేవి. మన ఇండ్లలోను దానిని వినేవారు. ముల్లుకు సంఘ భేదము తెలియదు గదా!

కొందరు పెద్దలు దీనిని ఇష్టపడలేదు. రేడియో ప్రసంగీకుడు చక్కగా మాటలాడును. మన ఉపదేశికి అంత నేర్పు లేదు. జనులు ఇంటనే కూర్చుండి విని ఆదివారము గుడికి రాకపోవుదురేమోయని వారి భయము. ఆ భయము పల్లెలలో నిజము కాలేదని మా అభిప్రాయము. రేడియో వినిన ఇంటికి ఇరుగుపొరుగువారు వచ్చి చేరినారు. వినినదానికి అర్థము చెప్పమని ఉపదేశి దగ్గరకే పోయినారు. రేడియో ప్రశ్నకు జవాబు చెప్పదు, రోగి మంచము దగ్గరకు రాదు, మృతుని పాతిపెట్టదు.

ఇక క్యాసెట్టు. హాలెండు దేశపు ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ అను ఇంజనీరు ఆధ్వర్యమున తయారై, 1963లో బెర్లిన్ ప్రదర్శనలో అది లోకమునకు చూపబడినది. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగముతో పోవును. అరవై నిమిషముల క్యాసెట్టులో దాదాపు 90 మీటర్ల రీలు ఉండును. ఇదియు రేడియోయు ఒకే పెట్టెలో కలిసినప్పుడు దానిని మనవారు టూ-ఇన్-వన్ అన్నారు. 1970ల చివర గల్ఫు దేశములకు పనికి పోయినవారు సెలవుకు వచ్చునప్పుడు భుజాన వేసుకొని తెచ్చినది ఇదే. ఉత్తరము వ్రాయలేని తల్లి, చదువలేని భార్య, తమ మాటలను క్యాసెట్టులో నింపి దుబాయికి పోవు మనిషి చేతికి ఇచ్చేవారు. అక్కడి నుండి ఆ క్యాసెట్టే తిరిగి వచ్చేది, పాత మాట మీద కొత్త మాట నిండి.

దానిని నడుపుట తేలికే గాని కొన్ని నియమములున్నవి. రికార్డు, ప్లే అను రెండు మీటలను ఒకేసారి నొక్కవలెను. ప్లే ఒక్కటే నొక్కిన పాతది వినబడును, కొత్తది నిండదు. క్యాసెట్టు వీపున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుండును. వాటిని విరిచిన రికార్డు మీట దిగదు, లోపలి మాట చెరుగదు. తరువాత మరల నింపవలెనన్న ఆ గుంటకు కాగితపు ఉండ పెట్టి అంటింపు టేపు వేసేవారు. రీలు వదులైనప్పుడు ఆరు పలకల పెన్సిలును పంటి చక్రములో దూర్చి త్రిప్పవలెను. వారమునకు ఒకసారి దూదిని స్పిరిటులో ముంచి, హెడ్డును, దాని ప్రక్కనున్న రబ్బరు చక్రమును తుడువవలెను. తుడువని పెట్టె రీలును చుట్టుకొని నలిపివేయును. పెద్ద సెల్లులు ఆరు పట్టును. సెల్లులు నీరసించిన పాట సాగిపోయి, స్త్రీ గొంతు పురుషుని గొంతగును. వాటిని తీసి ఎండలో పెట్టి మరి రెండు పాటలు వినుట అందరికీ తెలిసిన ఉపాయము. స్త్రీల మైత్రి కూటములలో ఈ పెట్టెకు ఒక ప్రత్యేక సంరక్షకురాలు ఉండేది. తన చేయి తప్ప మరొక చేయి మీటల మీద పడనిచ్చేది కాదు.

కన్వెన్షను ప్రసంగములు, గురువుగారి క్రిస్మసు వర్తమానము, సంఘ పెద్ద సాక్ష్యము, వివాహములు, సమాధి కూడికలు అన్నియు క్యాసెట్టులలోనికి ఎక్కినవి. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రము పాటలు సినిమా హాలుకు పోవని ఇండ్లలోనికి కూడా ఈ దారినే వచ్చినవి. కోయ, లంబాడీ భాషలవారికి గాస్పెల్ రికార్డింగ్స్ సంస్థ వారి భాషలోనే వాక్యము వినిపించినది. 1939లో అమెరికాలో జాయ్ రిడ్డర్‌హాఫ్ అను సోదరి మొదలుపెట్టిన పని అది. కరెంటు, సెల్లులు ఏమియు లేకయే చేతితో త్రిప్పి వినదగిన అట్ట పెట్టెలను కూడా వారు చేసినారు. ములుగు అడవి పల్లెలలో తెలుగు ప్రసంగము సగమే అర్థమగుచుండిన వారికి తమ ఇంటి మాట వినబడుట ఎంతటి మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

నష్టము ఇక్కడనే మొదలైనది. హైదరాబాదులోను మద్రాసులోను శిక్షణ పొందిన గాయకులు పాడి నింపిన కీర్తనల క్యాసెట్టులు హనుమకొండ చౌరస్తా దుకాణములకు వచ్చినవి. చక్కని గొంతులు, వీణలు, వయొలిన్లు. వాటిని వినిన యువకులు, మన ఊరిలో పాడు బాణీ తప్పనియు క్యాసెట్టులోనిదే సరియైనదనియు అన్నారు. ముసలివారు నొచ్చుకొని మెల్లగా నోరు మూసుకొన్నారు. నిజమునకు తప్పును ఒప్పును తేల్చునది ఏమియు లేదు. పుస్తకములో ఉన్నది రాగము పేరు, తాళము పేరు మాత్రమే. ఒకే కీర్తనకు ఐదు ఊళ్లలో ఐదు బాణీలుండిన చోట పదిహేనేండ్లలో ఒకటి మిగిలినది. ఇది ఎవరును కావాలని చేసినది కాదు. కాని జరిగినది.

ఆకాశవాణి వరంగల్ కేంద్రము 1990లో ఎఫ్.ఎమ్. మీద 103.5 మెగాహెర్ట్జ్‌లో వచ్చినది. తమాషా ఏమనగా, సీషెల్స్‌ను పట్టిన పాత పెట్టెలకు స్వంత ఊరి కేంద్రము వినబడలేదు, వాటిలో ఎఫ్.ఎమ్. బ్యాండే లేదు! కొత్త పెట్టె కొనవలసి వచ్చినది. కొంతకాలమునకు ఆ కొత్త పెట్టె నెత్తిన మూత తెరచి సీడీ పెట్టు ఏర్పాటు వచ్చి, మూడును ఒకే చోట కలిసినవి. ఫిలిప్స్, సోనీ కంపెనీలు 1982లో తెచ్చిన సీడీ 12 సెంటీమీటర్ల బిళ్ల. లేజరు కిరణము దానిని తాకకుండ చదువును గనుక అరుగుదల లేదు, పాటను వెదకుటకు రీలు త్రిప్పవలసిన పని లేదు. గీతలు పడిన మాత్రము ఒకే మాటను పదే పదే పలుకును. తుడుచునప్పుడు మధ్య నుండి అంచుకు తుడువవలెను, గుండ్రముగా కాదు. సీడీతో పాటు గొంతు లేని సంగీతపు ట్రాకులు వచ్చినవి. హార్మోనియము, డోలకు మూలకు పోయినవి. పాడువారు తడబడిన డోలకు ఆగును, ట్రాకు ఆగదు.

ఫీబా వారి సీషెల్స్ కేంద్రము 2003లో మూతపడినది. వెరితాస్ 2018లో షార్ట్‌వేవ్ విడిచి ఇంటర్నెట్టుకు పోయినది. ఇప్పుడు గోరంత మెమొరీ కార్డులో బైబిలంతయు ధ్వని రూపమున పట్టుచున్నది.

మిగిలినవి ఇండ్లలోని ట్రంకు పెట్టెలలో ఉన్న క్యాసెట్టులు. వాటిలో దుకాణపు పాటలు పోయినను నష్టము లేదు; అవి వేలకొలది ఉన్నవి. ఇంట నింపినవే మరల దొరకనివి: ఆ ఐదు బాణీలలో పోయిన నాలుగు, పోయిన పెద్దల గొంతులు. రీలు మీద తెల్లని బూజు పట్టుచున్నది, లోపలి చిన్న స్పంజి ఊడిపోవుచున్నది. పెట్టెకు ప్రక్కనున్న ఇయర్‌ఫోను రంధ్రము నుండి ఒక తీగను కంప్యూటరుకు కలిపి ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాములో నింపవచ్చును. అరవై నిమిషముల క్యాసెట్టు, ఏమియు కుదించక పెట్టినచో, 600 మెగాబైట్లు పట్టును. గంట క్యాసెట్టుకు గంట కాలమే పట్టును, తొందరపెట్టుటకు వీలు లేదు. మొదట ఒకసారి చివరి వరకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పి, రీలు అంటుకొనలేదని చూచిన తరువాతనే ప్లే నొక్కవలెను.

వాటిలో చాలావాటి మీద పేరు లేదు. ఆనాడు పాడినది ఎవరో ఇంటివారందరికి తెలియును గనుక ఎవరును వ్రాయలేదు. ఇప్పుడు ఆ గొంతును గుర్తుపట్టగలిగిన వారు ఊరికి ఒకరిద్దరు ఉన్నారు, ఎనుబది ఏండ్లు దాటినవారు. అందుచేత కాపీ చేయుటకు ముందే పెట్టెను వారి దగ్గరకు తీసుకొనిపోయి వినిపించి, పేరు, ఊరు, కీర్తన సంఖ్య అడిగి క్యాసెట్టు మీద వ్రాయుచున్నాము.