చక్రాల బూట్ల చరిత్రలో లెక్కకు రాని మనిషి

మడమలో చక్రం ఉన్న బూట్లు తొడుక్కుని పిల్లవాడు జారాలంటే నున్నటి నేల కావాలి. కలకత్తా భవానీపూర్‌లో అలాంటి నేల ఎక్కడుంది? ఫుట్‌పాత్‌లో సగం దుకాణాలకు పోతుంది, మిగతా సగంలో పలకలు లేచి ఉంటాయి. జదుబాబు బజార్ దగ్గర పెద్దవాళ్ళే చూసి చూసి అడుగు వేయాలి. ఇక మిగిలేవి మెట్రో స్టేషను, మాలు. దేశంలో మొదటి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి ఈ భవానీపూర్ దాకానే నడిచింది (ఆ స్టేషను పేరు ఇప్పుడు నేతాజీ భవన్). పక్కనే ఎల్గిన్ రోడ్డులో 2003లో ఫోరం మాల్ తెరిచారు. అంటే నేల నున్నగా ఎక్కడుందో జనం కూడా అక్కడే ఉన్నారు. వీధిని బాగుచేయని ఊళ్ళో చక్రాల పిల్లలు జనం మధ్యకు రావడంలో వింతేమీ లేదు.

వాళ్ళని చూసినప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకుంటారు, వీటిని అమ్మడమే నేరం" అని కొందరు. "పిల్లలన్నాక ఆడుకోరా, మీరేమన్నా బంగారు బొమ్మలా?" అని మరికొందరు. రెండు పక్షాలూ గట్టిగానే మాట్లాడతాయి. ఆధారం ఏదీ అని అడిగితే రెండు పక్షాలూ మౌనం. దేవుడి విషయంలో అడిగే ఆధారం బూట్ల విషయంలో మాత్రం ఎందుకు అడగకూడదు? చరిత్రలోంచే మొదలుపెడదాం.

చక్రాల బూట్ల చరిత్ర రాసిన ప్రతివాళ్ళూ చెప్పే కథ ఒకటుంది. బెల్జియంలోని హుయ్ పట్టణంలో పుట్టిన జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రాల నిపుణుడు 1760లో లండన్ చేరాడు. సోహో స్క్వేర్‌లోని కార్లైల్ హౌస్‌లో మిసెస్ కొర్నెలిస్ ఇచ్చే వేషాల విందుకు తాను చేసుకున్న చక్రాల బూట్లు తొడుక్కుని, వయొలిన్ వాయిస్తూ జారుకుంటూ వచ్చాడట. ఆగే ఉపాయం, మళ్ళే ఉపాయం రెండూ లేక 500 పౌన్ల పైచిలుకు విలువైన అద్దాన్ని గుద్దేశాడట. అద్దం ముక్కలు, వయొలిన్ ముక్కలు, మనిషికి దెబ్బలు.

కథ బాగుంది. కానీ దీన్ని రాసిపెట్టినవాడు థామస్ బజ్బీ, రాసింది 1825లో, అదీ సంగీతకారుల వినోద కథల సంకలనంలో. అప్పటికి మెర్లిన్ చనిపోయి 22 ఏళ్ళు. కార్లైల్ హౌస్ విందుల వైభవం ముగిసి నలభై ఏళ్ళు దాటింది. మెర్లిన్ ఉన్నాడు, అతని యంత్రాలు ఉన్నాయి, ఆ ఇల్లూ ఉంది. అద్దం మాత్రం ఒక్కడి నోట, అదీ ఇంత ఆలస్యంగా, వినిపిస్తోంది. బాబాల మహిమలను మనం తూచే తక్కెడలోనే దీన్నీ తూచాలి కదా! జరిగి ఉండొచ్చు. జరిగిందని ఖాయంగా రాసేంత బలం మాత్రం ఈ సాక్ష్యానికి లేదు. అయినా చక్రాల బూట్లంటే మొదట గుర్తొచ్చే బొమ్మ ఇదే: జనంలోకి దూసుకొచ్చినవాడు, ముక్కలైన అద్దం.

మెర్లిన్ లండన్‌లో ఒక యంత్రాల ప్రదర్శనశాల నడిపాడు. దాన్ని చూడటానికి తల్లితో వెళ్ళిన ఒక కుర్రవాడు అక్కడి వెండి నాట్యకత్తె బొమ్మను జీవితాంతం మరిచిపోలేదు. పెద్దయ్యాక 1834లో వేలంలో దాన్ని కొనుక్కున్నాడు. ఆ కుర్రవాడు చార్లెస్ బాబేజ్, కంప్యూటరుకు ఆద్యుడని మనం చెప్పుకునే గణితవేత్త. విచిత్రం ఏమిటంటే వీధుల్లో చక్రాలతో ఆడే పిల్లల మీద విరుచుకుపడ్డ పెద్దమనుషుల్లో ఆయనా ఒకడు. మన పల్లెల్లో పిల్లలు సైకిలు టైరును కర్రతో కొడుతూ వెనకాల పరిగెత్తరూ? లండన్ పిల్లలకు టైరు బదులు ఇనప చక్రం. అది గుర్రం కాళ్ళ మధ్యకు దూరి రౌతు కిందపడుతున్నాడని, గుర్రాల కాళ్ళు విరుగుతున్నాయని బాబేజ్ ఫిర్యాదు.

ఈ బాబేజే 1857లో పగిలిన కిటికీ అద్దాల మీద ఒక పట్టిక అచ్చువేశాడు. 464 అద్దాలు, ఒక్కోటి ఏ కారణంతో పగిలిందో వరసగా. తాగినవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు పగలగొట్టినవి అందులో 14 మాత్రమే! అల్లరి మూకల పనే అనుకునే చోట లెక్క వేరే మాట చెప్పింది. అంత ఓపికగా గాజుపెంకులు లెక్కపెట్టినవాడు వీధి పిల్లల దగ్గరికి వచ్చేసరికి గణితవేత్తగా కాక నిద్ర చెడిన ఇంటాయనగా మాట్లాడాడు. ఎంత తార్కికుడికైనా తన గుమ్మం ముందు చప్పుడు వేరు.

అయితే ఆనాటి చట్టం బాబేజ్ కంటే నిదానంగా ఆలోచించిందనే చెప్పాలి. 1839 నాటి లండన్ పోలీసు చట్టంలో గాలిపటాల గురించి, వీధి ఆటల గురించి, మంచు మీద జారుడుబండలు చేయడం గురించి ఒక నిబంధన ఉంది. అది ఆటను నేరం అనలేదు. ఇరుగుపొరుగుకు, దారినపోయేవాళ్ళకు ఇబ్బంది కలిగేలా ఆడటం, దారినపోయేవాళ్ళకు ప్రమాదం కలిగేలా జారుడు చేయడం నేరమంది. అంటే చూపంతా ఆడేవాడి మోకాలి మీద కాదు, పక్కవాడి మీద. మన దగ్గరి వీధి చట్టాలదీ ఆ ఒరవడే. 1866లో కలకత్తా పట్టణానికి ఒక పోలీసు చట్టం, శివార్లకు మరొకటి వచ్చాయి. భవానీపూర్ అప్పటికి శివారే, 1888లో గాని నగరపాలికలో కలవలేదు. ఈ "దారినపోయే మనిషి"ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

న్యూయార్క్‌లో ప్లింప్టన్ 1863లో ఒరిగితే మళ్ళే నాలుగు చక్రాల స్కేటు చేశాక స్కేటింగు శాలలు వెలిశాయి, 1870ల్లో ఇంగ్లండుకు ఆ పిచ్చి పట్టింది. శాలకు గోడలున్నాయి, టిక్కెట్టుంది, లోపలున్న వాళ్ళందరూ జారేవాళ్ళే. జనంతో గొడవ చాలావరకు సద్దుమణిగింది.

ఆ గోడను మళ్ళీ పడగొట్టినవాడు రోజర్ ఆడమ్స్. మానసిక వైద్యరంగంలో పనిచేసి విసిగిపోయిన మనిషి. అమ్మానాన్నలు నడిపే స్కేటింగు శాలలో పెరిగాడు. 1998లో కాలిఫోర్నియా సముద్రతీరంలో స్కేటింగు చేసే పిల్లల్ని చూస్తూ, మామూలు బూటు మడమ కోసి అందులో ఒక చక్రం పెట్టాడు. 2000 నుంచి అవి హీలీస్ పేరుతో అమ్మకానికి వచ్చాయి. కిటుకు చిన్నదే. ముందు పాదం నేలకు ఆనితే నడక, వేళ్ళు పైకెత్తి బరువు మడమకు తెస్తే జారుడు. చూసేవాళ్ళకు అది బూటే. అందువల్ల బడికీ మాలుకీ ఎక్కడికైనా వెళ్ళిపోయింది. అయితే బరువంతా మడమ మీదికి వచ్చాక తూకం తప్పితే మనిషి వెనక్కి పడతాడు, పడేవాడు చేతులు నేలకు ఆనిస్తాడు. ఆ దెబ్బ మణికట్టుకో మోచేతికో తగులుతుంది.

కంపెనీ అమ్మకాలు 2005లో 4.4 కోట్ల డాలర్లు, 2006లో 18.8 కోట్లు. 2006 డిసెంబరులో షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. లెక్కలు కూడా అప్పుడే వచ్చాయి. డబ్లిన్‌లోని టెంపుల్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2006 వేసవిలో పది వారాల్లో తమ దగ్గరికి వచ్చిన 67 మంది పిల్లల సంగతి 2007 జూన్‌లో పీడియాట్రిక్స్ పత్రికలో రాశారు. ఎక్కువ దెబ్బలు చేతులకే. ఐదింట ఒకరు మొట్టమొదటిసారి తొడుక్కున్నప్పుడే పడ్డారు. మూడింట ఒక వంతుకు పైగా ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళు. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2006లో అత్యవసర విభాగాలకు వచ్చిన కేసులు సుమారు 1,600 అని అంచనా వేసింది. ఎముకల వైద్యుల సంఘం తలకు హెల్మెట్, మణికట్టుకు, మోకాళ్ళకు, మోచేతులకు రక్షణ తొడుగులు వేయమంది. కంపెనీ తన లెక్కలు తాను తెచ్చి, చాలా ఆటలకంటే ఇదే క్షేమమంది.

పత్రికలు 1,600 అనే అంకెను పట్టుకున్నాయి. కానీ ఎంతమందిలో 1,600? అప్పటికి ప్రపంచమంతటా కోటి జతల దాకా అమ్మామని కంపెనీ చెప్పుకుంది. భాగిస్తే లక్షకు 16. ఈ భాగారం కూడా తప్పే. కోటి జతలూ అమెరికాలో లేవు, పిల్లల పాదాలు పెరిగి సగం అటకెక్కి ఉంటాయి, రోజూ వేసుకునేవాడూ ఒకసారి వేసి వదిలేసినవాడూ ఒకటి కాదు. పైన ఉన్న అంకెతో భయపెట్టేవాళ్ళూ, కింద ఉన్న అంకెతో జోకొట్టేవాళ్ళూ ఇద్దరూ మనకు సగం భిన్నమే చూపించారు.

ఇంకో పొరపాటు మనవాళ్ళకు బాగా పరిచయమైనదే. 2007 నాటికి అమెరికాలో, బ్రిటన్‌లో ఎన్నో మాల్స్, బడులు ఈ బూట్లను నిషేధించాయి. 2008లో కంపెనీ అమ్మకాలు 7 కోట్లకు పడిపోయాయి. మొదట 21 డాలర్లకు అమ్మిన షేరు 2013లో కంపెనీ చేతులు మారినప్పుడు 2.25 డాలర్లు. బోర్డు పెట్టాం, బెడద పోయింది అనుకోవచ్చా? యజ్ఞం చేశాం, మశూచి తగ్గింది అనడం ఇలాంటిదే. పిల్లల మోజు బుడగలా ఉబ్బి బుడగలా పేలుతుంది. బోర్డులు లేని చోట కూడా అంతే.

మరి జనంలో ఈ బూట్లు వద్దనడానికి ఆధారమే లేదా? ఉంది, కానీ అది ఆ 67 దగ్గర లేదు. వాళ్ళంతా బూట్లు తొడుక్కున్నవాళ్ళు. అది పిల్లల ఆసుపత్రి. పిల్లవాడు తగిలి తుంటి విరిగిన ముసలమ్మ పిల్లల ఆసుపత్రికి ఎందుకు వస్తుంది? ఆ పట్టికలో ఆమెకు గడే లేదు. 1839 చట్టం తలచుకున్న దారినపోయే మనిషి ఈ లెక్కల్లో పూర్తిగా మాయమయ్యాడు. ఆమె కోసం ఆసుపత్రి పట్టిక దొరకనప్పుడు హైస్కూలు భౌతికశాస్త్రం దగ్గరికి పోవాలి. నడిచే వేగానికి మూడింతల వేగంతో జారే పిల్లవాడి గతిశక్తి మూడింతలు కాదు, తొమ్మిదింతలు. మడమ వెనక అంచు నేలకు ఆనేదాకా బ్రేకు లేదు. నేర్చుకునేవాడికి ఆ ఆనించడమే రాదు. నేర్చుకునేవాళ్ళే ఎక్కువ పడుతున్నారన్నది డబ్లిన్ చెప్పిన మాట. మెట్రో ప్లాట్‌ఫాం అంచున, ఎస్కలేటర్ మొదట్లో, పూజల రోజుల్లో భవానీపూర్ సందుల్లో ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహించడానికి దివ్యదృష్టి అక్కర్లేదు.

కాబట్టి నా పక్షం ఇది. ఆ బూటును నిషేధించమనడానికి కారణం కనిపించదు. జనం ఉన్న చోట జారడాన్ని నిషేధించడానికి కారణం బలంగానే ఉంది, అది పిల్లవాడి మణికట్టు మాత్రం కాదు. మణికట్టు సంగతి తల్లిదండ్రులది, మొదటి ఐదారు రోజులు తొడుగులు వేయించి ఖాళీ చోట నేర్పితే సరిపోతుంది. ఖాళీ చోటు చూపించడం ఊరి పని. చోటూ శిక్షణా దొరికితే ఏమవుతుందో హైదరాబాదు కుర్రవాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగులో రెండు కాంస్యాలు తెచ్చి చూపించాడు. భవానీపూర్ మాల్ గుమ్మం దగ్గర గొడవపడే అమ్మానాన్నలకు అంత దూరం కూడా అక్కర్లేదు. హీలీస్ చక్రం ఊడి వస్తుంది. తీసే పనిముట్టు, ఆ గుంటలో పెట్టే బిరడా రెండూ ఆ పెట్టెలోనే ఇచ్చారు. గుమ్మం దగ్గర ఒక నిమిషం పని.